వియ్యపురాళ్ళ ఫోన్లు

మా అమ్మా, మా అత్తయ్యా ఒకే ఇంట్లో ఉంటారని చెబితే నరసరావుపేటలో ఎవరైనా ముందు నా మొహంలోకి జాలిగా చూస్తారు. నాన్న పోయాక అమ్మను ఎడ్లపాడు నుంచి తీసుకొచ్చింది నేనే కానీ, తీసుకురమ్మన్నది అత్తయ్య. "ఒక్కత్తే ఆడుండి ఏం చేసిద్ది? తీసుకురా. నాకూ పోట్లాడను ఒక మనిషి కావాలి," అంది. తమాషాకు అందనుకున్నాను. కాదని వారం తిరక్కుండానే తెలిసింది.

అత్తయ్యది గురజాల దగ్గర పల్లె. మాట నాపరాయిలా ఉంటుంది, పట్టుకుంటే చల్లగా, పడితే పాదం మీద. అమ్మ మాట మెత్తన. ఆ మెత్తదనంలో సూది ఎక్కడుందో మనం కూర్చున్నాక తెలుస్తుంది. ఇద్దరూ ఒకరినొకరు "వదినా", "వదినగారూ" అని పిలుచుకుంటారు. "గారూ" అనేది అమ్మ. ఆ గారూ ఎంత సాగితే అంత ప్రమాదం.

మా ఆయనకు ఊళ్ళో పురుగుమందుల కొట్టు ఉంది. నేను పక్క మండలంలో హైస్కూల్లో సైన్సు చెబుతాను. పగలంతా వీళ్ళిద్దరే ఇంట్లో ఉంటారు కదా అని, అవసరానికి ఉంటాయని, మా ఆయన ఇద్దరికీ చెరొక ఫోను కొనుక్కొచ్చాడు. ఒకటే రకం, ఒకటే రంగు, ఒకటే రోజు. వేరువేరువి తెస్తే ఏమవుతుందో ఆయనకు తెలుసు. తీరా తెచ్చాక ఏది ఎవరిదో తెలియక మొదటి సాయంత్రమే గొడవ. అమ్మ తన ఫోను కవరుకు ఎర్రదారం కట్టుకుంది. అత్తయ్య తన ఫోను వీపున ఇంత పెద్ద బొట్టుబిళ్ళ అతికించింది.

అత్తయ్య తెరమీద మెరిసేదల్లా నొక్కేది. మీకు బహుమతి వచ్చింది అంటే నొక్కేది. మీ ఫోనులో పురుగులున్నాయి అంటే, పురుగుమందుల కొట్టు వాళ్ళం మనకెందుకు భయం అంటూ నొక్కేది. అమ్మ అసలు ఏదీ నొక్కేది కాదు. మోగుతున్న ఫోనును కూడా చూస్తూ కూర్చునేది. "అవసరమైతే మళ్ళీ చేస్తార్లే," అనేది. నేను స్కూల్లోంచి నాలుగుసార్లు చేసినా అదే మాట.

ఇలా కాదని ఒక ఆదివారం ఇద్దరినీ కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాను. తెలియని లింకు నొక్కకూడదు, ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు, ఎవరో ఫోన్లో ఏదో దింపుకోమంటే దింపుకోకూడదు. అమ్మ తలూపుతూ చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటోంది. అత్తయ్య మాత్రం అడ్డుకుంది.

"అమ్మాయ్, నువ్వు చెప్పేదంతా చెయ్యబాక, చెయ్యబాక అనేగా? మరి కొనిచ్చింది ఎందుకంట?"

"జాగ్రత్త కోసం చెబుతున్నా అత్తయ్యా."

"సరే. మొన్న గ్యాసు అతను వచ్చి నెంబరు అడిగితే నువ్వే చెప్పమన్నావు. ఇప్పుడు నెంబరు ఎవురికీ చెప్పొద్దంటావు. నెంబరు నెంబరే గదా?"

పదో తరగతి పిల్లలు ఇలాంటి ప్రశ్న వేస్తే భోజనం బెల్లు కొట్టేదాకా ఏదో ఒకటి చెప్పి నెట్టుకొస్తాను. ఇక్కడ బెల్లు లేదు. గ్యాసు అతను సిలిండరు తెచ్చి గుమ్మంలో నిలబడ్డాక చెప్పొచ్చు, మనిషి కనపడకుండా అడిగేవాడికి చెప్పకూడదు అన్నాను. ఆ మరుసటి నెల గ్యాసు బండి వచ్చినప్పుడు అత్తయ్య డాబా మీద నుంచి, మనిషి కనపడుతున్నాడు కదా అని, వీధి చివర ఉన్న అతనికి ఆ నెంబరు అరిచి చెప్పింది. వీధి మొత్తం విన్నది.

అప్పుడే వెనకవీధి పిన్నిగారి సంగతి జరిగింది. ఒక ఉదయం ఆవిడకు ఫోనొచ్చింది. అచ్చం హైదరాబాదులో ఉండే మనవడి గొంతు. నాన్నమ్మా, బండి మీద పోతూ ఒకళ్ళను గుద్దాను, నన్ను పట్టుకున్నారు, నాన్నకు చెప్పొద్దు, అని ఏడుపు. పిన్నిగారు కూడా ఏడుస్తూ, చేతి గాజులు తీసి కొంగులో మూటకట్టుకుని, తాకట్టు కొట్టుకు పరిగెత్తబోయింది. మేడమెట్ల కాడికి వచ్చేసరికి ఆ మనవడే పై నుంచి ఆవులిస్తూ దిగి, "కాఫీ ఏదీ?" అన్నాడు. ముందురోజే ఊరు వచ్చి మేడ మీద పడుకుని ఉన్నాడట, ఆ గాభరాలో ఆవిడకు అదే గుర్తు రాలేదు. ఉన్న మనవడిని పక్కన పెట్టుకుని లేని మనవడి కోసం ఏడ్చానని ఆవిడే నవ్వుతూ చెప్పింది. చెబుతున్నప్పుడు మాత్రం గాజుల మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

గొంతులు కూడా దొంగిలిస్తున్నారన్నమాట. ఆ సాయంత్రం మా ఇంట్లో సభ జరిగింది. నలుగురికే తెలిసిన రహస్యం మాట ఒకటి పెట్టుకుందాం, కొత్త నెంబరు నుంచి ఎవరు ఫోన్ చేసినా ఆ మాట చెబితేనే నమ్ముదాం అన్నాను.

"కోటయ్యసామి అని పెట్టుకుందాం," అంది అమ్మ భక్తిగా.

"పల్నాట్లో ఆపదొస్తే ఏ నోటైనా ముందు అనేది అదేగా వదినా! దొంగ గూడా అదే అంటాడు," అంది అత్తయ్య. నిజమే అనిపించింది.

మా ఆయన ఇంటిపేరు అన్నాడు. అది కొట్టు బోర్డు మీదే రాసి ఉంది. గోంగూర అని అత్తయ్య అంటే, గుంటూరు వైపు దొంగకు అంతకన్నా ముందు తట్టే మాట ఉండదని ముగ్గురం కొట్టేశాం. చివరికి అత్తయ్యే దారి చూపించింది. రహస్యంగా ఏదో అడుగుతున్నట్టు ఉండకూడదు, మామూలు మాటలా ఉండాలి అంది. ఎవరు ఫోన్ చేసినా "ఏం కూర?" అని అడగాలి. మనవాళ్ళయితే "పొట్లకాయ" అని చెప్పాలి. అత్తయ్యకు పొట్లకాయ పొడ గిట్టదు. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆ కాయ మా గడప తొక్కలేదు. ఏ దొంగ ఎంత ఊహించినా పప్పనో వంకాయనో అంటాడు తప్ప పొట్లకాయ అనడు.

చాలా తెలివైన ఏర్పాటు అని అందరం మురిసిపోయాం. రెండోరోజు నుంచి అత్తయ్య డ్రిల్లు మొదలుపెట్టింది. నేను పదో తరగతిలో కటకాల పాఠం చెబుతుంటే ఫోను. ఏం కొంప మునిగిందోనని తీశాను.

"ఏం కూర?"

"అత్తయ్యా, క్లాసులో ఉన్నా."

"కూర చెప్పు ముందు."

పిల్లలకు వీపు తిప్పి, బోర్డుతో చెబుతున్నట్టు, "పొట్లకాయ," అన్నాను. ఆ రోజు నుంచి ఆ తరగతి పిల్లలు నాకు వెనక ఏం పేరు పెట్టుకున్నారో నాకు తెలుసు. తెలియనట్టే ఉన్నాను.

ఆ ఏర్పాటుకు మొదట బలైంది మా ఆయన. ఒక శనివారం ఆయన మాచర్లలో డీలర్ల మీటింగుకు వెళ్ళాడు. భోజనాల తర్వాత చేతులు కడుక్కోవడానికి వంగితే చొక్కాజేబులో ఫోను నీళ్ళ తొట్టిలో పడింది. అదే సమయానికి గుంటూరు నుంచి మందుల లోడుతో లారీ మా కొట్టుకు వస్తోంది. గోడౌను తాళంచెవి ఇంట్లో దేవుడి గది మేకుకు ఉంది. గుమాస్తా వస్తాడు, ఇవ్వమని చెప్పాలి. పక్క డీలరు ఫోను అడిగి తీసుకున్నాడు. ఈ రోజుల్లో ఎవరికి ఎవరి నెంబరు నోటికి వస్తుంది? ఆయనకు వచ్చింది ఒక్కటే, అత్తయ్యది. అది ఒకప్పుడు కొట్టు నెంబరు.

"అమ్మా, నేను."

"నేనంటే?"

"నీ కొడుకునే. నా ఫోను నీళ్ళల్లో పడింది. వేరేవాళ్ళ దాన్నుంచి చేస్తన్నా. తొందరగా విను."

కొత్త నెంబరు, పాడైపోయిన ఫోను, తొందర. ఆ సభలో నేను జాగ్రత్తపడమన్న మూడూ ఒకేసారి వచ్చేసరికి అత్తయ్య మంచం మీద నిటారుగా కూర్చుందట. స్పీకరు పెట్టి, అమ్మను సైగ చేసి పిలిచింది.

"ఏం కూర?"

"ఏంది?"

"కూర ఏందంటన్నా."

పాపం ఆయనకు రహస్యం మాట మనసులోనే లేదు. భోజనం గుర్తుంది. "నాటుకోడి," అన్నాడు.

"దొంగ సచ్చినోడా! మా వాడు శనివారం మాంసం ముట్టడు. కనుక్కోకుండానే చేశావా ఫోను?" అని అత్తయ్య పెట్టేసింది.

ఆయన మళ్ళీ చేశాడు. ఈసారి అమ్మ అందుకుంది.

"అత్తా, మీరన్నా నమ్మండి. నేనే. గుమాస్తా వస్తాడు, తాళంచెవి..."

"మీరే అయితే ఒక్కమాట చెప్పండి బాబూ," అంది అమ్మ, మహా మెత్తగా. "బొబ్బట్లు నేను చేసినయ్యి బాగుంటయ్యా, మీ అమ్మగారు చేసినయ్యా?"

అవతల ఆయన చుట్టూ డీలర్లు నిలబడి ఉన్నారు. గుంటూరు నుంచి లారీ బయల్దేరి ఉంది. స్పీకరు సంగతి ఆయనకు తెలియదు.

"మీయే అత్తా," అన్నాడు.

"వీడు ముమ్మాటికీ దొంగే! నా కొడుకైతే చచ్చినా ఆ మాట అనడు," అని అత్తయ్య ఫోను లాక్కుని కట్ చేసింది.

గుమాస్తా ఇంటికి వస్తే తలుపు తియ్యకుండానే పంపించేశారు. లారీ పొద్దుగూకేదాకా కొట్టు ముందు వీధికి అడ్డంగా నిలబడింది. ఆ వీధి వాళ్ళందరి చేతా తిట్లు తినడం గుమాస్తా వంతయింది. నేను స్కూలు నుంచి వచ్చేసరికి ఇద్దరూ కలిసి దొంగను తరిమిన సంబరంలో మిర్చిబజ్జీలు వేసుకుంటున్నారు. విషయం నాకు అర్థమయ్యేలోపు మా ఆయన వాకిట్లో దిగాడు.

కిటికీలోంచి అత్తయ్య అడిగింది. "ఏం కూర?"

"అమ్మా, ఎదురుగుండా నిలబడ్డాను గదే! మనిషిని చూసినాక గూడానా?"

"వీడియోల్లో మొహాలు గూడా మారుస్తన్నారంటగా."

"ఇది వీడియో కాదమ్మా, గుమ్మం!"

"సరే పో. శనివారం కోడి తిన్నావా లేదా అది చెప్పు."

ఆయన కాసేపు ఆకాశం వైపు చూశాడు. తర్వాత "పొట్లకాయ," అన్నాడు. అంత చిన్న గొంతు ఆయనకు ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. అత్తయ్య గడియ తీసింది.

ఆ రాత్రి అంట్లు సర్దుతూ అమ్మను పక్కకు లాగి అడిగాను. "నిజం చెప్పు, నీకు ఆయన గొంతు తెలియలేదా?"

"తెలవకేం. మొదటి మాటకే తెలిసింది."

"మరి?"

"బొబ్బట్ల సంగతి చానా రోజుల్నుంచి అడగాలని ఉంది. ఎప్పుడడిగినా రెండూ బాగుంటయ్యనేవాడు," అని గిన్నె బోర్లించింది.

రహస్యం అక్కడితో ఆగినా బాగుండేది. వీధిలో ఆడవాళ్ళు ఒకరికొకరు ఎదురైతే అడిగేదే "ఏం కూర?" అని. అత్తయ్య డ్రిల్లు అలవాటులో పడి ఎవరడిగినా "పొట్లకాయ," అనేది. అమ్మ కూడా అంతే. కొన్నాళ్ళకు మా ఇంట్లో రోజూ పొట్లకాయే వండుతారని, కోడలు ముసలివాళ్ళకు ఇంకేమీ కొనిపెట్టదని వీధిలో అనుకున్నారట. పిన్నిగారు మా మీద జాలిపడి, తమ పెరట్లో పందిరికి కాసిన పొట్లకాయలు ఇంత బారువి, చేతుల నిండా పట్టుకొచ్చి, "వదినగారికి ఇష్టమంటగా," అని అత్తయ్య ఒళ్ళో పెట్టింది. అత్తయ్య మొహం నేను మర్చిపోలేను. పిన్నిగారు వెళ్ళేదాకా నవ్వింది. వెళ్ళాక వాటిని పట్టకారుతో తీసుకెళ్ళి గేదెలున్న వాళ్ళింట్లో ఇచ్చొచ్చింది.

రహస్యం రచ్చకెక్కింది కాబట్టి మాట మార్చాం. కొత్తమాట ఏదో నలుగురం ఒప్పుకున్నాం కానీ, మరునాటికి ఇద్దరికి గుర్తులేదు, మిగిలిన ఇద్దరికీ వేరువేరుగా గుర్తుంది. సరే ఆదివారం చూసుకుందాం అనుకున్నాం. ఆదివారం రాకముందే ఆ ఫోను వచ్చింది.

ఆ రోజు నేను ఇంట్లో లేను. అమ్మ చెప్పింది ఒకటి, అత్తయ్య చెప్పింది ఇంకొకటి. రెండింట్లో నుంచీ కోతలు తీసేస్తే మిగిలింది రాస్తున్నాను.

మా ఆయన కొట్టుకూ నేను స్కూలుకూ వెళ్ళాక, అత్తయ్య తన గదిలో మంచం మీద కూర్చుని ఏదో వీడియో చూసుకుంటుంటే ఫోను మోగింది. నొక్కింది. తెరమీద ఖాకీ చొక్కా, భుజాల మీద నక్షత్రాలు, వెనక గోడకు జెండా. తెలుగే మాట్లాడాడు కానీ పుస్తకంలోది చదువుతున్నట్టు ఉందట. మీ ఆధార్ కార్డుతో విదేశాలకు ఒక పార్సిలు వెళ్ళింది, అందులో మత్తుమందులు దొరికాయి, మీ మీద కేసయింది, ఈ నిమిషం నుంచి మీరు అరెస్టులో ఉన్నారు అన్నాడు. గది దాటకూడదు. ఫోను ఆపకూడదు. ఇంట్లో వాళ్ళకు గానీ బయటవాళ్ళకు గానీ ఒక్కమాట చెప్పినా మీ కొడుకును కూడా తీసుకెళ్తాం అన్నాడు.

కొడుకు కాదని కన్నకొడుకునే తరిమిన మనిషి ఈ ముక్క నమ్మింది. రహస్యం మాట అయినవాళ్ళను అడగడానికి కదా పెట్టుకున్నాం. పోలీసును ఏం కూర అని ఎవరడుగుతారు? ఫోనును నీళ్ళచెంబుకు ఆనించి, కొంగు నెత్తిమీద కప్పుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అతను బ్యాంకు పుస్తకం తెమ్మంటే అలమరలోంచి తెచ్చి పక్కన పెట్టుకుంది.

వంటింట్లో అమ్మ వంకాయ కూర దించింది. రోజూ ఆ వేళకు అత్తయ్య వచ్చి, అరచేతిలో ఇంత కూర వేయించుకుని, నాకి, తీర్పు చెబుతుంది. ఉప్పు తక్కువ, నూనె ఎక్కువ, కారం మీ ఎడ్లపాడు కారమా ఏంది ఇంత చప్పగా, ఇలా. ఆ తీర్పు వినకుండా అమ్మ ఇంత వరకూ గిన్నె మీద మూత పెట్టలేదు. ఆ రోజు అత్తయ్య రాలేదు. అమ్మ కాసేపు చూసింది. గరిటెతో గిన్నె అంచు మీద గట్టిగా కొట్టింది. అయినా రాలేదు. గరిటె చేత్తో పట్టుకునే గదికి వెళ్ళి తలుపు తోసింది.

అత్తయ్య పెదాల మీద వేలు పెట్టుకుని, వద్దు, పొమ్మన్నట్టు తల ఊపింది. కళ్ళల్లో నీళ్ళు.

"గదిలో ఎవరు? ఎవరూ ఉండకూడదని చెప్పాను!" అని ఫోను అరిచింది.

అమ్మకు ఆ ఖాకీబట్టల మనిషెవరో తెలియదు. డిజిటల్ అరెస్టు అనే మాట ఆమె ఎప్పుడూ వినలేదు. నేను చెప్పిన పాఠంలో అది లేదు కూడా. తర్వాత నాతో అంది: "నాకూ భయమేసిందే. కానీ మీ అత్త ఏడవటం నేనెప్పుడన్నా చూశానా? ఆవిడ నోరు మూత పడితే మనిషే లేనట్టుంది. ఆ నోరు మళ్ళీ తెరిపియ్యాలంటే నాకు తెలిసింది ఒకటే దారి."

ఆ దారిలో వెళ్ళింది. గరిటె పట్టుకున్న చేతిని నడుం మీద వేసుకుని, గొంతు పెంచింది.

"ఏం వదినగారూ, మా అమ్మాయి కొత్తగా కాపురానికొచ్చిన ఏడు దాన్ని ఆవకాయ కలపనియ్యలేదంటగా మీరు? దాని చెయ్యి మంచిది కాదన్నారంటగా?"

అత్తయ్య బిత్తరపోయి చూసింది.

"అమ్మా, మీరు బయటికి వెళ్ళండి," అన్నాడు ఫోనులో మనిషి.

అమ్మ అతని వైపు చూడనుకూడా లేదు. "ఇన్నేళ్ళు కడుపులో పెట్టుకున్నా. ఇయ్యాల అడుగుతున్నా. అయినా మీ గురజాల వాళ్ళ ఆవకాయ ఒక ఆవకాయేనా? ఉప్పు తెడ్డెడు, నూనె చుక్కెడు. ముక్క నోట్లో పెట్టుకుంటే నాలుక మడత పడుద్ది."

అత్తయ్య తల మీద కొంగు జారింది.

"ఏంది? ఏందన్నావు? ఇంకోసారి అను!"

"అంటా. వందసార్లు అంటా."

"మా ఆవకాయను అంటావా? నువ్వు పెట్టేది ఆవకాయా? బెల్లం వేస్తావు అందులో, పసిపిల్లకాయలకు పెట్టినట్టు!"

"మేడమ్, మేడమ్, ఇది చాలా సీరియస్ కేసు..."

"నువ్వుండవయ్యా!" అంది అత్తయ్య ఫోను వైపు తిరిగి. "మా ఇద్దరికీ మాటలొచ్చినయ్యి. అరెస్టు తర్వాత చేద్దువు గాని."

అమ్మకు ఊపిరి ఆడిందట ఆ మాటతో. ఇక ఆపలేదు. "నువ్వే చెప్పు బాబూ, పోలీసువి గదా, న్యాయం చెప్పు. కోడల్ని ఆవకాయ మీద చెయ్యి వెయ్యనియ్యకపోవటం తప్పా కాదా?"

అతను ఎంతమందిని భయపెట్టి ఉంటాడో, ఈ ప్రశ్న మాత్రం అతనికి ఎవరూ వేసి ఉండరు. "తప్పే అమ్మా, కానీ ముందు మీరు..." అన్నాడు.

"తప్పా?" అత్తయ్య మంచం దిగి ఫోను చేతిలోకి తీసుకుంది. "యాడోడివిరా నువ్వు? ఏ స్టేషను? నరసరావుపేట టౌనా, రూరలా? అసలు మీ అమ్మ ఆవకాయ పెట్టిద్దా?"

అవతల మనిషి గుటక మింగాడట. అమ్మ ఇప్పటికీ ఆ సంగతి దగ్గర కొంచెం ఆగుతుంది. "వాడు గూడా ఎవురో కన్నబిడ్డేగా. ఆవకాయ అనంగానే ఎట్టా మింగాడో గుటక," అంటుంది. ఆ తర్వాత అతను ఏదో సెక్షను నెంబరు చెప్పబోయాడు. ఇద్దరూ కలిసి ఒకేసారి ఏదో అన్నారు. ఏమన్నారో ఇద్దరూ నాకు చెప్పలేదు. తెర నల్లబడింది. పెట్టేసింది అతనే.

ఒంటిపూట బడి కాబట్టి నేను మధ్యాహ్నమే ఇంటికొచ్చేసరికి వాకిట్లోకి గొడవ వినపడుతోంది. ఆవకాయ దాటి గోంగూరకొచ్చారు, గోంగూర దాటి మా పెళ్ళిలో పులిహోరకు. కూర మీద మూత లేదు. ఫోను మంచం మీద బోర్లా పడి ఉంది. ఏమైందని నేను మూడుసార్లు అరిస్తే అప్పుడు అత్తయ్య నా వైపు తిరిగింది.

"ఏముంది అమ్మాయ్. నన్ను అరెస్టు చేశారు," అంది.

అని, ఆ మాట తన చెవిన తనకే పడ్డట్టు, అక్కడే నేల మీద కూలబడింది. అప్పుడు ఏడ్చింది. అమ్మ గరిటె కింద పెట్టి, పక్కన చతికిలబడి, ఆమె చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. అప్పటిదాకా పులిహోర గురించి ఏమంటోందో ఆ మాట మధ్యలోనే ఆగిపోయింది.

నేను ముందు బ్యాంకుకు ఫోన్ చేశాను. ఏమీ పోలేదు. సైబర్ నేరాల హెల్ప్‌లైనుకు ఫోన్ చేసి ఆ నెంబరు రాయించాను. మా ఆయన కొట్టు వదిలేసి వచ్చాడు. వస్తూనే అరవబోయి, తల్లి మొహం చూసి ఆగిపోయాడు. ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని పాదాలు ఒత్తాడు.

అప్పుడు చెప్పింది అత్తయ్య, నేను ఇన్నేళ్ళలో వినని సంగతి. పోయిన మామయ్య అప్పట్లో ఊళ్ళో పార్టీలని తిరిగే మనిషి. ఒక పంచాయతీ ఎన్నికల గొడవలో ఆయన ఉన్నా లేకపోయినా ఆయన పేరు చేర్చారు. స్టేషనుకు తీసుకెళ్ళారు. చంటిపిల్లాడైన మా ఆయనను చంకనేసుకుని అత్తయ్య ప్రహరీ గోడ పక్కన కూర్చుంది. లోపల్నుంచి ఒక మనిషి వచ్చి, ఎవరికీ చెప్పకు, చెబితే కేసు పెద్దదవుతుంది అని వెళ్ళిపోయాడట. ఆమె పుట్టింటివాళ్ళకు కూడా చెప్పలేదు. మామయ్య తిరిగొచ్చిందాకా ఆ గోడ పక్కనే ఉంది.

"ఈడు గూడా అదే మాట అన్నాడమ్మాయ్. ఎవురికీ చెప్పొద్దని. ఆ మాట ఇనంగానే నేను ఆ గోడ పక్కకి పోయా," అంది.

లింకులూ ఓటీపీలూ అన్నీ చెప్పాను నేను. భయం గురించి ఒక్క ముక్క చెప్పలేదు. దాని గురించి నాకేం తెలుసు? రెండురోజులు ఆలోచించి, ఏం చెప్పాలో తెలియక, అమ్మనూ అత్తయ్యనూ కూర్చోబెట్టి మళ్ళీ మొదలుపెట్టబోయాను. పోలీసులు వీడియోలో ఎవరినీ అరెస్టు చెయ్యరు అనగానే అత్తయ్య చెయ్యి ఎత్తింది.

"నువ్వు అంత పొడుగున చెప్పబాక. నాకు ఒకటే అర్థమైంది. ఎవుడన్నా చెప్పొద్దన్నాడంటే ముందు ఆ సంగతే అందరికీ చెప్పాల."

అంతకన్నా మంచి పాఠం నా దగ్గర లేదు. పుస్తకం మూసేశాను.

ఆ సూత్రాన్ని అత్తయ్య ఆ రోజు నుంచే అమల్లో పెట్టింది. పాలవాళ్ళకు చెప్పింది, పిన్నిగారికి చెప్పింది, మా కొట్టుకు మందులకొచ్చిన బెల్లంకొండ రైతులకు చెప్పింది. చెప్పినప్పుడల్లా కథ పెరిగింది. మొదట్లో అమ్మ గరిటె పట్టుకుని వచ్చేది. తర్వాత గరిటె అత్తయ్య చేతిలోకి మారింది. ఇప్పుడు చెబుతున్న కథలో అత్తయ్య మొదటినుంచీ వాణ్ణి కనిపెట్టే ఉంది, ఆడిద్దామని కూర్చుంది, అమ్మ మధ్యలో మంచినీళ్ళు ఇచ్చి వెళ్ళింది.

"అట్టానా పెద్దమ్మా?" అని ఒక రైతు అమ్మను అడిగాడు.

"అవును నాయనా. చల్లటి నీళ్ళిచ్చా," అంది అమ్మ, కళ్ళు కూడా ఆర్పకుండా.

మొన్న ఎండాకాలం మామిడికాయలు తెచ్చి వాకిట్లో కుప్ప పోయించాడు మా ఆయన. ముగ్గురం కత్తిపీటల ముందు కూర్చున్నాం. అత్తయ్య ముక్కలు తుడుస్తూ తుడుస్తూ ఆగింది.

"వదినా, నిజం చెప్పు. ఆ రోజు ఆవకాయ గురించి అన్నావే, వాడి కోసం అన్నావా, నిజంగా కడుపులో ఉండి అన్నావా?"

అమ్మ తొందరపడలేదు. టెంక మీద జీడి గీకి పడేసింది.

"మిగతాదంతా వాడి కోసమే వదినగారూ. ఆ ఒక్కమాట నిజమే. మా బిడ్డను అట్టా అనేసరికి బాధేసింది."

నా గుండె నిండింది. ఇన్నేళ్ళకు నా తరఫున ఒక మనిషి మాట్లాడింది. అత్తయ్య తల వంచుకుంది. పశ్చాత్తాపపడుతోందనుకున్నాను.

"అన్నమాట నిజమేలే. కానీ వదినా, ఇప్పుడు గూడా అదే అంటా. దీని చెయ్యి మంచిది కాదు," అంది.

నేను అమ్మ వైపు చూశాను, ఏదో ఒకటి అంటుందని. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఊగుతున్నాయి.

"అది మాత్రం మీరన్నది నిజమే వదినగారూ. ఎడ్లపాట్లో ఇది కలిపిన ఏడు జాడీ జాడీ బూజు పట్టి దిబ్బలో పోశాం. పెళ్ళి చెడుద్దని మీకు చెప్పలా."

ఇద్దరూ కత్తిపీటలు పక్కకు నెట్టి నవ్వారు. అత్తయ్యకు పొలమారితే అమ్మ వీపు నిమిరింది. నవ్వు ఆగాక, నన్ను లేచి చేతులు కడుక్కోమని, ఉప్పు డబ్బాలో కూడా చెయ్యి పెట్టొద్దని ఇద్దరూ ఒక్క గొంతుతో చెప్పారు.